ఇంజిన్ పట్టేసింది సరే, ఆయిల్ చాంబర్ విప్పారా?

ప్రశ్న: మాది తెనాలి. నా డీజిల్ స్విఫ్ట్ ఇంజిన్ పాడైతే విజయవాడలో ఒక స్క్రాప్ వ్యాపారి దగ్గర 65 వేలకు సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొన్నాను. అందుకోసం మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాం. 25 వేలు ఫోన్‌లో పంపాను, మిగతాది నగదు. బిల్లు ఇవ్వలేదు. తన కార్డు వెనక ‘15 రోజులు గ్యారంటీ’ అని రాసి సంతకం పెట్టాడు. మా బావమరిదికి బైకుల పని బాగా తెలుసు. ఇద్దరం కలిసి ఇంటి దగ్గర షెడ్డులోనే చైన్ పుల్లీ కట్టి ఇంజిన్ దించాం, బిగించాం. పాత ఇంజిన్ ఆయిల్ చాంబరే (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దీనికి వేశాం. తొమ్మిదో రోజున, 2025 మార్చి 11న, దుగ్గిరాల దాటాక ఆయిల్ లైటు వెలిగింది. ఇల్లు దగ్గరే కదా అని వస్తుంటే నాలుగైదు కిలోమీటర్ల తర్వాత ఇంజిన్ పట్టేసింది. తమ్ముడూ తమ్ముడూ అంటూ అమ్మినవాడు ఇప్పుడు ‘బిగించింది మీరు, నాకేం సంబంధం’ అంటున్నాడు. ఏడాది దాటింది, కారు షెడ్డులోనే ఉంది. పాత నంబరు కొత్త ఇంజిన్ మీద కొట్టించి ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయమని ఒక స్నేహితుడు, 420 కేసు పెట్టమని ఇంకొకరు చెబుతున్నారు. ఈ ఆదివారం విప్పి చూద్దామని మా బావమరిది అంటున్నాడు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: గాజుల తాకట్టు, తమ్ముడూ అన్న పిలుపు, ఇవేవీ వినియోగదారుల కమిషన్‌లో మీకు ఒక్క రూపాయి తెచ్చిపెట్టవు. కేసును తేల్చే మాట మీ ఉత్తరంలో ఒక్కటే ఉంది. దాన్ని మీరు మాటల మధ్యలో అనేసి వెళ్లిపోయారు: ఆయిల్ లైటు వెలిగింది.

ఆ లైటు వెలిగిందంటే ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని అర్థం. ఎందుకు పడిపోయింది? అమ్మిన ఇంజిన్‌లో ఆయిల్ పంపు అరిగిపోయి ఉన్నా, బేరింగులు ముందే దెబ్బతిని ఉన్నా బాధ్యత వ్యాపారిది. చాంబర్ బిగించేటప్పుడు మీరు పూసిన సిలికాన్ పేస్ట్ ఎక్కువై లోపలికి పిండుకుని, ముక్కలుగా ఊడి ఆయిల్ పీల్చే జల్లెడను మూసేసి ఉంటే బాధ్యత మీది. డ్రెయిన్ బోల్టు వదులై ఆయిల్ కారిపోయినా, పాత ఫిల్టర్ రబ్బరు అతుక్కుని ఉండగానే కొత్త ఫిల్టర్ బిగించి అక్కడ లీకయినా అంతే. ఇంట్లో ఇంజిన్ మార్చినప్పుడు ఇవి సర్వసాధారణంగా జరిగే పొరపాట్లు. అవతలి లాయరు మొదటి వాయిదాలోనే వీటిని అడుగుతాడు.

జవాబు ఎక్కడుందంటే ఆ జల్లెడలో, చాంబర్ అడుగున ఉన్న ఆయిల్‌లో, బేరింగుల మీద. అందుకే ఆదివారం కార్యక్రమం వెంటనే ఆపేయండి. మీ బావమరిది స్పానర్ పెట్టిన క్షణం నుంచి లోపల ఏది కనబడినా ‘వాళ్లే పెట్టారు, వాళ్లే తీశారు’ అంటారు. ఆయిల్ కూడా తీయకూడదు. స్టార్టర్ కొట్టకూడదు, రాడ్డు వేసి క్రాంక్ తిప్పకూడదు. ఫ్యాన్ బెల్టు తీసి చూడాలన్నా, దాంతో తిరిగే ఏసీ కంప్రెసర్ గానీ ఆల్టర్నేటర్ గానీ పట్టేసిందేమో చూడాలన్నా అవతలివాడికి కబురు పెట్టి అందరి ముందూ చేయాలి. అది చేయడం మంచిదే. బెల్టు తీయగానే ఇంజిన్ తిరిగితే మీకు కేసూ లేదు, అంత ఖర్చూ లేదు.

లైటు చూసి కూడా నాలుగైదు కిలోమీటర్లు నడిపారు. ఇది మామూలు నిర్లక్ష్యం కాదు, ఆ లైటు వెలిగితే బండి అక్కడికక్కడే ఆపాలి. వ్యాపారికి దొరికిన బలమైన వాదన ఇదే. ఇంజిన్‌లో ముందే లోపం ఉందని తేలినా, మీ వంతు తప్పు కింద పరిహారం తగ్గించవచ్చు. అలాగని ఫిర్యాదులో ఈ సంగతి దాచకండి. వాట్సాప్‌లో మీరు అతనికి రాసి ఉంటే ఆ మెసేజ్ అతని ఫోన్‌లోనూ ఉంటుంది. మీరు డిలీట్ చేసి అతను చూపిస్తే మీ మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు.

నంబరు కొట్టించమన్న స్నేహితుడి సలహా గురించి గట్టిగానే చెబుతున్నాను: ఆ పని చేస్తే ఫిర్యాదుదారుగా ఉన్న మీరు ముద్దాయి అవుతారు. పైగా దాని వల్ల లాభం కూడా లేదు. మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీ యాంత్రిక లోపాల వల్ల వచ్చే నష్టాన్ని కవర్ చేయదు. మరి క్లెయిమ్ రావాలంటే నీళ్లలో మునిగిందనో, ఏదో గుద్దిందనో అబద్ధం రాయాలి. అది భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం, ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

నంబరు మాట వచ్చింది కాబట్టి ఇంకో నిర్లక్ష్యం చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చడానికి రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి. మార్చాక 14 రోజుల్లో తెలియజేసి ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించాలి. మీరు ఆర్టీఓ ఆఫీసు గడప తొక్కినట్టు లేదు. ఆ ఇంజిన్ ఏ బండిదో, ఆ బండి ఎలా స్క్రాప్‌కు వచ్చిందో తెలిపే కాగితం కూడా మీ దగ్గర లేదు. రేపు అది దొంగబండిదని తేలితే, అనుమానించాల్సిన పరిస్థితి ఉన్నా కొన్నారని మీ మీదికే వస్తుంది. ఇంజిన్ నంబరుతో బిల్లు ఇవ్వమని ఇప్పుడైనా రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే, అడిగినా ఇవ్వలేదన్నదే మీకు పనికొస్తుంది.

420 కేసు (ఇప్పుడు అదే 318) నిలవడం కష్టం. అమ్మేటప్పుడే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపించాలి. గ్యారంటీ ఇచ్చి నిలబెట్టుకోకపోవడం ఒక్కటే దానికి సరిపోదు. స్టేషన్ చుట్టూ తిరుగుతూ ఉంటే అసలు గడువు కాస్తా దాటిపోతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లు. మీ లెక్క 2025 మార్చి 11 నుంచి. అంటే 2027 మార్చి 10 లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. నోటీసు పంపినంత మాత్రాన ఈ గడువు పెరగదు. ‘చూద్దాంలే, వచ్చే నెల రా’ అని అతను అన్నాడని ఎదురుచూస్తే కూడా పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి.

ఇంట్లో బిగించుకున్నంత మాత్రాన మీ హక్కు పోదు. ‘మా బావమరిదే బిగిస్తాడు’ అని కొనేముందు మీరు మెసేజ్ పెట్టి, వ్యాపారి సరేనని ఉంటే అది మీ కేసులో అన్నిటికన్నా విలువైన కాగితం. ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా ఆ మెసేజ్‌లు ఈ ఫోన్‌లోవేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా సిద్ధం చేయించండి. 25 వేలకు బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. నగదు 40 వేలకు రుజువు లేదు కాబట్టి, మొత్తం ధర గురించి అతను మాట్లాడిన వాయిస్ మెసేజ్ గానీ, డబ్బు ఇచ్చేటప్పుడు పక్కన ఉన్న మనిషి గానీ కావాలి. గ్యారంటీ రాసిన కార్డును భద్రంగా కవర్లో పెట్టండి, లామినేషన్ చేయించకండి. చేతిరాత పరీక్షకు పంపాల్సి వస్తే అసలు కాగితం కావాలి.

ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో లాయరు నోటీసు పంపండి. పదిహేను రోజుల్లో ఫలానా రోజు, ఫలానా టైముకు మీ మెకానిక్‌ను తీసుకుని రండి, ఇంజిన్ ఉన్నది ఉన్నట్టుగా ఉంది, అందరి ముందూ విప్పుదాం అని అందులో రాయించండి. వస్తే, మీ ఇద్దరికీ సంబంధం లేని మెకానిక్ చేత విప్పించి మొత్తం వీడియో తీయండి, ఆయిల్‌ను సీసాలో పట్టి ఇద్దరి సంతకాలతో సీలు వేయండి. రాకపోతే మీరు విప్పకండి. గుంటూరు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసి, దాంతోపాటే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద ఇంజిన్‌ను నిపుణుడి పరీక్షకు పంపమని అర్జీ పెట్టండి. మీరు ఉండే చోటే ఫిర్యాదు వేయవచ్చు, విజయవాడ వెళ్లనక్కర్లేదు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము లేదు. పరీక్ష ఖర్చు మాత్రం ముందు మీరే కట్టాలి.

బావమరిది మీద కేసు వేయవచ్చా అని మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. ఉచితంగా చేసిన పని వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవ కాదు. ఆయన మీకు సాక్షిగా పనికొస్తాడు. ఏ ఆయిల్ ఎన్ని లీటర్లు పోశారు, ఏ ఫిల్టర్ వేశారు, బిగించిన రోజు మీటరు ఎంత ఉంది అన్నవి మరిచిపోకముందే ఆయన చేత రాయించి, ఆయిల్ కొన్న బిల్లు దానికి జతచేయండి.