గేట్‌వే 10 శాతం ఆపితే బంగారం కుదువపెట్టాలా?

ప్రశ్న: హన్మకొండలో ట్రావెల్స్ షాపు నడుపుతున్నాను. అమెరికా చదువులకు వెళ్లే పిల్లలకు విమాన టికెట్లు, కుటుంబాలకు టూర్ ప్యాకేజీలు అమ్ముతాను. కార్డుల మీద నెలకు 20 లక్షల అమ్మకం. ఇకనుంచి ప్రతి అమ్మకంలో 10 శాతం 180 రోజులు ఆపుతామని, కార్డు చెల్లింపులు వసూలుచేసి మాకు పంపే పేమెంట్ గేట్‌వే వాళ్లు మెయిల్ పెట్టారు. ఇంట్లో బంగారం కుదువపెట్టి 12 లక్షలు తేవాలా?

జవాబు: బంగారం జోలికి ఇప్పుడే వెళ్లకండి. నెలకు 2 లక్షల చొప్పున ఆరు నెలల్లో 12 లక్షలు ఆగేమాట నిజమే. ఏడో నెల నుంచి పాత 2 లక్షలు తిరిగొస్తుంటాయి, కొత్త 2 లక్షలు ఆగుతుంటాయి. అయితే మీ జేబుకు పడే లోటు 12 లక్షలు కాదు. గేట్‌వే ఛార్జీలు కూడా పోను మీకు 4 శాతం మిగులుతుందనుకుందాం. 20 లక్షల అమ్మకానికి ఖర్చు 19.20 లక్షలు, చేతికొచ్చేది 18 లక్షలు. నెలకు 1.20 లక్షలు, ఆరు నెలలకు 7.20 లక్షల లోటు. దీనికి షాపు కిరాయి, జీతాలు కలపండి. మీ అసలు మార్జిన్ ఎంతో వేసుకుని ఇదే లెక్క కట్టండి.

ఇది మీ మీద అనుమానంతో వేసిన శిక్ష కాదు. మే నెలలో అమ్మిన ఆగస్టు టికెట్‌కు మూడు నెలలపాటు మీరు ప్రయాణికుడికి బాకీ ఉన్నట్టే. ఈలోగా విమాన సంస్థ చేతులెత్తేస్తే అతను తన బ్యాంకులో చార్జ్‌బ్యాక్ వేస్తాడు, అంటే కార్డు మీద కట్టిన సొమ్ము వెనక్కి ఇప్పించమంటాడు. కార్డు స్టేట్‌మెంట్‌లో మీ షాపు పేరే ఉంటుంది కాబట్టి సొమ్ము ముందు మీ ఖాతాలోంచే లాగుతారు. మీ దగ్గర లేకపోతే ఆ నష్టం గేట్‌వే నెత్తిన పడుతుంది.

విమాన సంస్థలకూ ఇదే తంటా. రేపటి ప్రయాణాల టికెట్ డబ్బుతో ఇవాళ్టి ఇంధనం, లీజు అద్దెలు కట్టే సంస్థకు, కార్డు చెల్లింపులు నడిపే ప్రాసెసర్ ఆ డబ్బు ఆపితే ఊపిరాడదు. 2008 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్, తన కార్డు ప్రాసెసర్ ఫస్ట్ డేటా ఎక్కువ సొమ్ము ఆపుతామనగానే దివాలా రక్షణ కోరింది. విమానాలు మాత్రం నడిపింది. మన దగ్గర గో ఫస్ట్ విమాన సంస్థ 2023 మే 2న దివాలా పిటిషన్ వేసింది. మే 10న కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ దాన్ని స్వీకరించి మారటోరియం, అంటే బాకీల వసూళ్లపై నిలుపుదల, విధించింది. ప్రయాణికుల రీఫండ్లతోపాటు ఏజెంట్లు ముందుగా జమచేసిన డబ్బు కూడా ఇరుక్కుపోయింది. అందుకే ఏ ఎయిర్‌లైన్ వాలెట్‌లోనూ, ఏజెంట్లకు టికెట్లు అమ్మే బీటూబీ పోర్టల్‌లోనూ రెండు మూడు రోజుల అవసరానికి మించి ఉంచకండి.

అప్పు తెచ్చేకంటే గేట్‌వే గుండా వెళ్లే సొమ్మును తగ్గించడం మేలు. అమెరికా టికెట్ల వాటా 12 లక్షలనుకుంటే, వాటిని కస్టమర్ కార్డుతో నేరుగా ఎయిర్‌లైన్ సైట్‌లోనే బుక్ చేయించి, మీరు సర్వీస్ ఛార్జీ మాత్రం తీసుకోండి. చార్జ్‌బ్యాక్ భారం ఎయిర్‌లైన్‌కు పోతుంది. గేట్‌వేలో మిగిలే 8 లక్షల మీద నెలకు ఆగేది 80 వేలు, లోటు 48 వేలు. ఆ 12 లక్షల మీద 3 శాతం సర్వీస్ ఛార్జీ వచ్చినా 36 వేలు, అంటే లోటు 12 వేలకు దిగుతుంది. ప్యాకేజీలకు అడ్వాన్స్ మాత్రం కార్డు మీద, మిగతాది నెఫ్ట్‌లో తీసుకోండి.

గేట్‌వేతో బేరం కూడా ఆడండి. పది రోజుల్లో ప్రయాణం అయిపోయే టికెట్‌కు 180 రోజులు ఆపడంలో అర్థం లేదు. ప్రయాణ తేదీ తర్వాత 30 రోజులకు విడుదల చేయమని అడగండి. లేదా బ్యాంకు గ్యారంటీ గానీ, లీన్ వేసిన (గేట్‌వేకు హామీగా రాసిచ్చిన) ఎఫ్‌డీ గానీ ఇస్తామనండి. ఎఫ్‌డీ మీద వడ్డీ మీకే వస్తుంది, గేట్‌వే ఆపిన (రిజర్వ్) సొమ్ము మీద సాధారణంగా రాదు. ఒప్పందం రద్దయితే మిగిలిన సొమ్ము ఎప్పుడిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. చాలామంది ఈ వాక్యం చదవరు, అసలు గొడవ అక్కడే వస్తుంది.

ప్రతి అమ్మకానికి పీఎన్‌ఆర్, ఇన్వాయిస్, కస్టమర్ సంతకం పెట్టిన రద్దు నిబంధనలు ఫైలు చేయండి. చార్జ్‌బ్యాక్ నోటీసుకు గడువులోగా జవాబివ్వకపోతే కేసు ఓడినట్టే. చార్జ్‌బ్యాక్‌లు పెరిగితే 10 శాతం కాస్తా ఇంకా పెరగొచ్చు.

ఇంకా లోటు మిగిలితే ఎఫ్‌డీ మీద ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) తీసుకోండి, వాడుకున్నంతకే వడ్డీ. ఆగిన సొమ్మును ఖాతా పుస్తకాల్లో ఖర్చుగా కాక రావలసిన బాకీగా రాయించండి. ఆ డబ్బు చేతికి రాకున్నా ఇన్వాయిస్ మీద జీఎస్టీ గడువుకే కట్టాలి, నెలవారీ లెక్కలో దాన్నీ కలపండి. గేట్‌వే పేరు ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లోని అనుమతి పొందిన పేమెంట్ అగ్రిగేటర్ల (కస్టమర్ల సొమ్ము వసూలుచేసి వ్యాపారికి ఇచ్చే సంస్థల) జాబితాలో ఉందో లేదో చూశాకే కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టండి.