గావార్నీలో ఎన్ని రోజులు ఉండాలి? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఫ్రాన్సుకు దక్షిణాన, స్పెయిన్ సరిహద్దును ఆనుకొని, పిరెనీస్ పర్వతాల ఒడిలో గావార్నీ అనే చిన్న ఊరు ఉంది. కిందటి సంచికలో ఆ ఊరి గురించి నాలుగు మాటలు రాసినందుకు కొరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల తెలుగువారి నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. నేను రాయగడవాడిని, గావార్నీకి రెండుసార్లు వెళ్ళినవాడిని కాబట్టి, వాటికి జవాబు చెప్పే పనిని సంపాదకులు నాకే అప్పగించారు. ఒకే విషయాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను.

మేము దేవమాలి ఎక్కినవాళ్ళం. డుడుమ జలపాతం మాకు పొరుగునే ఉంది. అంత ఖర్చుపెట్టి అంత దూరం వెళ్తే గావార్నీలో మాకు కొత్తగా కనిపించేది ఏమిటి? – ఒక ఉపాధ్యాయుడు, జయపురం

మాస్టారూ, ఎత్తు లెక్క మాత్రమే చూస్తే గావార్నీ ఊరు మన దేవమాలి కంటే తక్కువలోనే ఉంది. దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, గావార్నీ 1,365 మీటర్లు. తేడా ఊరి చుట్టూ ఉన్నదానిలో ఉంది. మన తూర్పు కనుమలు ఎంతో పురాతనమైనవి. కోట్ల ఏళ్ళ వానకు, ఎండకు అరిగి గుండ్రబడిన కొండలవి. వాటి శిలకు భూగర్భ శాస్త్రజ్ఞులు మన ఖోండు ప్రజల పేరు మీదనే ఖోండలైట్ అని పేరుపెట్టారు. పిరెనీస్ వయసులో మన కొండల కంటే ఎంతో చిన్నవి. గావార్నీ దగ్గర సున్నపురాతి పొరలను హిమానీనదాలు వేల ఏళ్ళపాటు దొలిచి, అర్ధచంద్రాకారంలో ఒక పెద్ద కొండగోడను మిగిల్చి వెళ్ళాయి. దాన్ని ఫ్రెంచివారు సిర్క్ అంటారు. అడుగున ఉన్న పచ్చిక నుంచి అంచున ఉన్న శిఖరాల దాకా ఆ గోడ సుమారు 1,500 మీటర్లు మెట్లుమెట్లుగా లేస్తుంది, దాని మీది మార్బొరే శిఖరం 3,248 మీటర్ల ఎత్తున ఉంటుంది.

ఆ గోడ మీద నుంచే గావార్నీ జలపాతం సుమారు 420 మీటర్లు కిందికి దూకుతుంది. మన డుడుమ 150 మీటర్లకు పైబడినది, దాన్ని మనం గట్టు మీద నిలబడి లోయలోకి వంగి చూస్తాము. గావార్నీలో కింది నుంచి నడిచి వెళ్ళాలి; ఊరి నుంచి చూసినప్పుడు గోడ మీద తెల్ల నూలుపోగులా ఉన్నది, గంటకు పైగా నడిచేసరికి మొహం మీద తుంపర చల్లే జలపాతంగా మారుతుంది. ఆ పెరుగుదలను కాలినడకన అనుభవించడమే అక్కడ నాకు అన్నిటికంటే నచ్చింది. ఆ నీటికి మూలం సరిహద్దుకు అవతల, స్పెయిన్ వైపు మంచులో ఉంది. అది సున్నపురాతి పగుళ్ళలోకి ఇంకి, భూమి అడుగున సరిహద్దు దాటి ఫ్రాన్సు వైపు బయటపడుతుంది. మాచ్‌ఖండ్ నీటిని రెండు రాష్ట్రాల మధ్య చూస్తూ పెరిగిన మనకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. జూన్‌లో మంచు కరిగే వేళ జలపాతం నిండుగా ఉంటుంది, సెప్టెంబరుకు సన్నబడుతుంది, నడి చలికాలంలో గడ్డకడితే మంచుగొడ్డళ్ళు పట్టుకొని దాన్ని ఎక్కేవారు వస్తారు.

మా అమ్మకు 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నాయి. మా చర్చివారితో కలిసి లూర్దు మాత దర్శనానికి వెళ్తున్నాము. యాత్ర ఏర్పాటు చేస్తున్నవారు లూర్దు నుంచి ఒక పూట గావార్నీ తీసుకెళ్తామంటున్నారు. అది సరిపోతుందా? – ఒక పాఠకురాలు, రాయగడ

అమ్మా, సరిపోదు. ఈ జవాబు నేను కొంచెం గట్టిగానే చెప్పదలచుకున్నాను, ఎందుకంటే మొదటిసారి నేనూ అలాగే ఒక పూట కోసం వెళ్ళాను. లూర్దు నుంచి గావార్నీ 50 కిలోమీటర్లు. లోయల్లో మలుపులు తిరుగుతూ బస్సు చేరేసరికి ఉదయం సగం గడిచింది, మేము దిగేసరికి మబ్బు ఊరి కప్పుల దాకా దిగి ఉంది. మూడు గంటలు టీ దుకాణంలో కూర్చొని, కొండగోడను ఒక్క క్షణమైనా చూడకుండా తిరిగి వచ్చాము. ఆ బాధతోనే రెండోసారి తొమ్మిది రోజులు ఉండేలా వెళ్ళాను. ఆ తొమ్మిదింటిలో రెండు రోజులు పూర్తిగా మబ్బులోనే గడిచాయి, మిగిలిన ఏడు రోజులు ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నాయి.

మీరు చర్చివారితో లూర్దు దర్శనం పూర్తిచేసుకొని, వీలైతే వాళ్ళ తిరుగు ప్రయాణానికి ముందు గావార్నీలో మూడు రాత్రులు మిగుల్చుకోండి. 1858లో బెర్నదెత్‌కు మాత దర్శనమిచ్చిన గుహ ముందు నుంచి గావ్ ద పో అనే నది పారుతుంది. అది పుట్టేది గావార్నీ జలపాతం దగ్గరే. అమ్మగారు గుహ ముందు నిలబడి చూసిన నీటినే రెండు రోజుల తర్వాత దాని పుట్టుచోటులో చూస్తారు. నాకు తెలిసి ఈ మాట వింటే ఆమె ఒక పూట ప్రయాణానికి ఒప్పుకోరు.

మొదటి రోజు ఏమీ పెట్టుకోకండి. ఊరి చివరి దాకా నదిని ఆనుకొని నడిచి, పాత చర్చిని చూసి రండి. స్పెయిన్‌లోని సంత్ యాకోబు సమాధికి కాలినడకన వెళ్ళిన మధ్యయుగపు యాత్రికులకు ఈ ఊరు ఒక మజిలీ. సాయంత్రం లూర్దు బస్సులన్నీ వెళ్ళిపోయాక ఊరు ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. జూన్, జూలై నెలల్లో రాత్రి 9 దాటినా వెలుగు ఉంటుంది కాబట్టి, కొండగోడ మీద రంగు మారుతుండగా అమ్మగారు వసారాలో కుర్చీ వేసుకొని కూర్చున్నా చాలు. ఒక పూట యాత్రికులకు దొరకనిది ఆ రెండు గంటలే.

రెండో రోజు ఆకాశం తెరిపిగా ఉంటే సిర్క్ వైపు బయల్దేరండి. ఊరి నుంచి 1,570 మీటర్ల ఎత్తున ఉన్న పాత హోటల్ దాకా వెడల్పైన దారి ఉంది. ఎక్కవలసినది మొత్తం 200 మీటర్లే, ఆరోగ్యవంతులకు గంటా పావుగంట పడుతుంది. మోకాళ్ళు సహకరించనివారిని గుర్రాల మీద, గాడిదల మీద తీసుకుపోవడం ఆ ఊళ్ళో తరతరాల అలవాటు. హోటల్ దాటాక జలపాతం పాదాల దాకా ఉన్న దారి రాళ్ళతో నిండినది, అమ్మగారిని అక్కడికి తీసుకెళ్ళవద్దు. హోటల్ ముందు నుంచి జలపాతం చక్కగా కనిపిస్తుంది. మూడో రోజు పొరుగున ఉన్న జెద్ర్ వైపు నుంచి కారులో గ్లోరియెత్ చెరువుకు వెళ్ళండి. ఆనకట్ట కట్టి నిలిపిన ఆ చెరువు సుమారు 1,670 మీటర్ల ఎత్తున, అంటే సరిగ్గా మన దేవమాలి శిఖరం ఎత్తున ఉంది. గట్టు వెంబడి మెల్లగా నడవవచ్చు.

ఒక్కరోజులో మహేంద్రగిరి ఎక్కి దిగాను. ‘రోలాండ్ గండి’ ఎక్కడానికి ఆ అనుభవం చాలదా? – ఒక విద్యార్థి, పర్లాకిమిడి

నాయనా, నీ కాళ్ళ బలాన్ని నేను శంకించను. మహేంద్రగిరి 1,501 మీటర్లు; రోలాండ్ గండి 2,807 మీటర్లు, అది ఫ్రాన్సుకూ స్పెయిన్‌కూ మధ్య గోడలో సుమారు 40 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల ఎత్తు ఉన్న ఒక తెగిన చోటు. షార్లమేన్ చక్రవర్తి మేనల్లుడు రోలాండ్ 778లో యుద్ధంలో ఓడి, శత్రువుల చేతికి చిక్కకూడదని తన ఖడ్గాన్ని బండకేసి కొడితే, ఖడ్గం విరగక కొండే చీలిందని అక్కడివారి కథ. మహేంద్రగిరి మీద భీముడి గుడి రాళ్ళను చూసిన నీకు ఇటువంటి కథలు కొత్త కావు.

తాంత్ కనుమ దాకా, అంటే 2,208 మీటర్ల దాకా రోడ్డు ఉంది. అక్కడి నుంచి 2,587 మీటర్ల ఎత్తులోని పర్వతారోహకుల విడిదికి, ఆపైన గండికి ఎక్కాలి. ఎక్కవలసిన ఎత్తు 600 మీటర్లే అయినా, ఇబ్బంది మంచుతో వస్తుంది. జూలై సగం దాకా, కొన్నేళ్ళు ఆ తర్వాత కూడా దారి మీద గట్టిపడిన మంచు వాలుగా ఉంటుంది. బూట్లకు తొడిగే ఇనుప ముళ్ళు లేకుండా జారితే ఆగేచోటు ఉండదు. మన ప్రాంతంలో ఎవరూ మంచు మీద నడవడం నేర్చుకోలేదు, నేనూ నేర్చుకోలేదు. కాబట్టి ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో, లైసెన్సు ఉన్న స్థానిక గైడుతో వెళ్ళు. విడిదిలో ఒక రాత్రి ముందుగా చోటు రాయించుకొని, ప్రయాణాన్ని రెండు రోజులుగా విడగొట్టు. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములు మెరుపులు తరచు వస్తాయి కనుక తెల్లవారుజామునే బయల్దేరాలి. ఆపదలో పిలవవలసిన నంబరు 112. హెలికాప్టరు కనిపిస్తే, సాయం కావాలంటే రెండు చేతులూ పైకెత్తాలి. అక్కరలేకపోతే ఒక చేయి పైకి, ఒక చేయి కిందికి ఉంచాలి. ఊరికే చేతులూపి పలకరించకూడదు.

అక్కడి రైతులు ఎలా బతుకుతారు? పర్యాటకం మీదనేనా? – వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన పాఠకుడు, కొరాపుట్

అయ్యా, వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు ఎక్కువ సంతోషం కలిగించిన ప్రశ్న మీది. ఇప్పుడు ఊరికి ప్రధాన ఆదాయం పర్యాటకమే, కాని పశుపోషణ చావలేదు. చలికాలంలో లోయ అడుగున కొట్టాలలో ఉన్న గొర్రెలను, ఆవులను మంచు కరగగానే ఎత్తైన పచ్చికబయళ్ళకు తోలుకుపోయి, శరదృతువులో దింపుతారు. ఈ పచ్చికలు ఎవరి సొంతమూ కావు, లోయ అంతటికీ ఉమ్మడివి. సరిహద్దు అవతలి బ్రోతో లోయ స్పెయిన్ రైతులు కూడా జూలైలో తమ పశువులను కనుమ దాటించి గావార్నీ పచ్చికలకు తోలుకొస్తారు. ఈ హక్కు 14వ శతాబ్దంలో రెండు లోయల కాపరులు తమలో తాము రాసుకున్న ఒప్పందాలతో ఏర్పడింది. ఇద్దరు రాజులు యుద్ధం చేసుకుంటున్నప్పుడు కూడా మేత దగ్గర తగువు రాకూడదని వాళ్ళు షరతు పెట్టుకున్నారు. యునెస్కో 1997లో పిరెనీస్–మోన్ పెర్ద్యు ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కొండల అందంతోపాటు ఈ కాపరి జీవనాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది; అందువల్ల అది ప్రకృతి, సంస్కృతి రెండు విభాగాలలోనూ గుర్తింపు పొందింది.

ఆ లోయలో పెరిగే బారేజ్ గొర్రె మాంసానికి 2003లో, ఆ ప్రాంతానికే చెందినదన్న చట్టబద్ధమైన గుర్తింపు దక్కింది. మన కొరాపుట్ కాలాజీర బియ్యానికి 2024లో వచ్చిన భౌగోళిక గుర్తింపు వంటిదే అది. మీరు వెళ్తే జూలై నెలను ఎంచుకోండి. మందలు దాటే రోజు ముందుగా ఊళ్ళో అడిగి తెలుసుకుంటే, మెడగంటల మోత లోయంతా నిండే ఆ ఉదయాన్ని మీరు స్వయంగా చూడవచ్చు.

శాకాహారులం. ఏం తినాలి? – గుణుపురం నుంచి ఒక దంపతులు

గార్బ్యూర్ అనే క్యాబేజీ, చిక్కుడు గింజల సూప్ ఆ ప్రాంతపు ఇంటి వంట; అయితే అందులో బాతు మాంసమో పంది మాంసమో వేస్తారు, అందువల్ల అడగకుండా తినవద్దు. రొట్టె, గొర్రెపాల జున్నుగడ్డ, బంగాళాదుంప, పండ్లు, గుడ్డు తినేవారైతే ఆమ్లెట్ ఎక్కడైనా దొరుకుతాయి. చిన్న వంటగది ఉన్న గది అద్దెకు తీసుకొని, లూజ్ ఊళ్ళో సరుకులు కొనుక్కొని వెళ్ళడం మేలు. పప్పు, చింతపండు ఇంటి నుంచి పట్టుకెళ్ళండి.

ఏ నెలలో వెళ్ళాలి, వీసా సంగతేమిటి? – ఒక పాఠకుడు, బరంపురం

జూన్ సగం నుంచి సెప్టెంబరు చివరి దాకా నడకకు అనువైన కాలం. పూలు చూడాలంటే జూలై, జనసందడి తగ్గాలంటే సెప్టెంబరు. జూలైలో కూడా తెల్లవారుజామున పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, కాబట్టి స్వెట్టరు, వానకోటు తప్పనిసరి. ప్యారిస్ నుంచి లూర్దుకు వేగపు రైలు సుమారు అయిదు గంటలు, తులూజ్ నుంచి సుమారు రెండు గంటలు పడుతుంది; ఆ తర్వాత లూజ్ మీదుగా బస్సు. పర్వతపు బస్సులు రోజుకు కొన్నే కనుక వేళలు ముందే చూసుకోవాలి.

షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు, పెద్దలకు రుసుము 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. మనకు దగ్గరలో హైదరాబాదులో, కలకత్తాలో దరఖాస్తు కేంద్రాలు ఉన్నాయి. బీమా తీసుకునేటప్పుడు పర్వతాలలో రక్షణ ఖర్చు అందులో చేరిందో లేదో అడిగి, రాతలో తీసుకోండి.

అక్కడి ఎడెల్వైస్ పువ్వు విత్తనాలు తెచ్చి సెమిలిగుడలో నాటవచ్చా? – ఒక పాఠకురాలు, కొరాపుట్ జిల్లా

తేవద్దమ్మా. సిర్క్ ఉన్నది 1967లో ఏర్పడిన పిరెనీస్ జాతీయ పార్కులో. అక్కడ పూలు కోయడం, నిప్పు రాజేయడం, కుక్కను తీసుకెళ్ళడం, డ్రోను ఎగరవేయడం నిషిద్ధం. విత్తనాలు మన దేశంలోకి తేవాలన్నా ముందుగా అనుమతిపత్రం, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఎడెల్వైస్‌కు ఏడాదిలో చాలాకాలం మంచు కింద ఉండే నేల అలవాటు. సెమిలిగుడ వానకు వేరు కుళ్ళిపోతుంది.

దాన్ని తనివితీరా చూడాలంటే బారేజ్ ఊరి దగ్గర తూర్మలే వృక్షోద్యానం ఉంది, అక్కడ పిరెనీస్ పూలను పేర్లతో సహా నాటి ఉంచారు. జూలైలో వెళ్తే నీలం రంగు పిరెనీస్ ఐరిస్ కూడా పచ్చికల నిండా పూసి ఉంటుంది. పచ్చిక మీద కూర్చొన్నప్పుడు ఈల వంటి కూత వినిపిస్తే కదలకుండా ఉండండి. అది మార్మోట్, ఉడుత జాతిదే గాని పిల్లి కంటే పెద్దది. పిరెనీస్‌లో వేల ఏళ్ళ కిందట అంతరించిన ఆ జంతువును 1948 నుంచి ఆల్ప్స్ పర్వతాల నుంచి తెచ్చి మళ్ళీ వదిలారు. కాసేపు ఆగితే బొరియ నుంచి ముందుగా ముక్కు, తర్వాత రెండు చేతులు బయటికి వస్తాయి. దానికి తినడానికి ఏమీ పెట్టవద్దు.