నక్షత్రాలు చూడాలంటే మా అనంతపురం మెట్టకే రావాలి

తెలుగు రాష్ట్రాలలో నక్షత్రాలు చూడటానికి అన్నింటికంటే మంచి ప్రాంతం ఏది, హైదరాబాదు నుంచి వారాంతంలో వెళ్లి రాగలిగిన చోటు ఏదైనా ఉందా అని మీరు అడిగారు. నా సమాధానం అనంతపురం జిల్లా, అందులోనూ కల్యాణదుర్గానికీ రాయదుర్గానికీ మధ్య ఉన్న మెట్టభూములు. ఆ నేల మీద పుట్టి పెరిగినవాణ్ణి కనుక నాది పక్షపాతమని మీకు అనిపించవచ్చు. కానీ ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోప్‌ను కారు వెనుక సీటులో పడుకోబెట్టుకుని పన్నెండేళ్లుగా రెండు రాష్ట్రాలూ తిరిగిన తరువాతే ఈ మాట చెబుతున్నాను.

మేము నలుగురం కలిసి ఆకాశం చూస్తాము. నాతోపాటు అమలాపురం, గుంటూరు, పాలమూరు ప్రాంతాలకు చెందిన మిత్రులు ఉన్నారు. ప్రతి అమావాస్యకూ టెలిస్కోప్ అద్దాలు చల్లబడేలోపు ఎవరి ఊరి ఆకాశం గొప్పదనే వాదన మొదలవుతుంది. గుంటూరు మిత్రుడు ఎప్పుడూ 1868 ఆగస్టు 18 నుంచే ప్రారంభిస్తాడు. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ ఏరికోరి గుంటూరుకు వచ్చాడనీ, సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో ఆనాడు కనిపించిన పసుపు గీతే తరువాత హీలియం జాడగా తేలిందనీ చెప్పి, “హీలియం మా ఊళ్లో పుట్టిందయ్యా, మీ ఊళ్లో ఏం పుట్టింది?” అని నిలదీస్తాడు. పాలమూరు మిత్రుడు వెంటనే అందుకుంటాడు. నవాబు జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో నెలకొల్పిన నిజామియా వేధశాల గురించీ, తరువాత జాపాల రంగాపూర్‌లో వెలసిన 48 అంగుళాల టెలిస్కోప్ గురించీ, 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించడం గురించీ వరుసగా చెప్పి, “మీ గుంటూరుకు గ్రహణం ఒక్కపాలి వచ్చి పోయిందన్నా, మేమైతే అబ్జర్వేటరీనే కట్టుకున్నం” అంటాడు. అమలాపురం మిత్రుడు చరిత్ర జోలికి పోడు. “మాకు చుక్కలు ఆకాశంలో ఓసారి, గోదారి నీళ్లలో ఓసారి కనబడతాయండి, ఆయ్” అని తేల్చేస్తాడు.

నా వాదన వాన గురించి. అనంతపురంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, కోనసీమలో దాదాపు అందుకు రెట్టింపు పడుతుంది. నైరుతి మబ్బులను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య మబ్బులు తూర్పు తీరంలోనే చాలావరకు కురిసి, మా దాకా వచ్చేసరికి తేలిపోతాయి. చెనిక్కాయ పంట ఎండి మా నాన్న అప్పులపాలైన సంవత్సరాలు నాకు బాగా గుర్తున్నాయి కనుక ఈ పొడినేల గురించి తేలికగా మాట్లాడను. అయినా, గాలిలో తేమ లేని రాత్రి నక్షత్రం ఆకాశపు అంచుకు దగ్గరగా ఉన్నా వెలుగు అంతగా మాయకుండా కనిపిస్తుంది. ఆ కరవే మాకు ఇచ్చిన ఈ ఒక్క సంపదనైనా మావాళ్లు గుర్తించాలని నా ఆరాటం.

రెండో కారణం, మేము దక్షిణాన ఉండటం. త్రిశంకు (సదరన్ క్రాస్) నక్షత్రమండలంలో అట్టడుగున ఉండే చుక్క ఆదిలాబాదులో దిక్చక్రానికి, అంటే నేలా నింగీ కలిసినట్టు కనిపించే అంచుకు, సుమారు ఏడు డిగ్రీల ఎత్తుకు మించి రాదు, మా దగ్గర పన్నెండు డిగ్రీల దాకా వస్తుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు కనుక, మాకు ఆ చుక్క పిడికిలి మీద నిలబడుతుంది, వారికి పిడికిలి వెనుకే ఉండిపోతుంది. అమలాపురానికీ మాకూ తేడా రెండు డిగ్రీలే కదా అని మా మిత్రుడు అంటాడు. రెండు డిగ్రీలంటే నాలుగు పూర్ణచంద్రబింబాలను ఒకదానిపై ఒకటి పేర్చినంత ఎత్తు, అదీ మసక ఎక్కువగా పేరుకునే దిక్చక్రం దగ్గర. హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు అంతటివాడు పెద్ద టెలిస్కోప్ కోసం పన్నెండున్నర డిగ్రీల అక్షాంశంలో, తమిళనాడులోని జవ్వాది కొండల మీద ఉన్న కావలూరును ఎంచుకున్నాడంటే, దక్షిణాకాశం విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

2025లో ఉగాది ముందు రోజు, శనివారం, అమావాస్య నాటి సంగతి చెబుతాను. ముగ్గురు మిత్రులూ మా ఊరికి వచ్చారు. అమలాపురం ఆయన పూతరేకులు తెచ్చాడు, మా ఇంట్లో వాళ్లు వేయించిన చెనిక్కాయలు మూటగట్టి ఇచ్చారు. చీకటి పడ్డాక ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో, పంట కోసి నెలలు గడిచిన మా మెట్టచేనులో టెలిస్కోప్ దించాము. నాలుగు చేల అవతల గొర్రెల మంద కట్టి ఉంది. ఎరువు కోసం రైతులు రాత్రిపూట చేలలో మందను నిలపడం మా వైపు ఇప్పటికీ ఉంది. ఆ పక్కనే కంబళి కప్పుకుని పడుకున్న పెద్దాయన మా మాటలకు లేచి, టార్చి వేయకుండానే గట్ల మీదుగా నడిచి వచ్చాడు.

“ఏం సూస్తాండారు సామీ, ఈ గొట్టంలో?” అని అడిగి, మేము చెప్పేలోపే పడమటి వైపు చూసి, “గొల్లకావిడి గట్టు దిగతాంది, ఇంగ నడిజామే” అన్నాడు. ఓరియన్ నక్షత్రమండలం నడుమ వరుసగా ఉండే మూడు చుక్కలను మా అవ్వ కూడా గొల్లకావిడి అనే చూపించేది. మా గుంటూరు మిత్రుడు ఫోను తీసి సమయం చూస్తే పదకొండు గంటల ఇరవై నిమిషాలైంది. తూర్పున వృశ్చికం తల ఎత్తి, ఎర్రని జ్యేష్ఠ గట్టు పైకి వచ్చింది. ఆ రెండూ ఒకేసారి ఆకాశంలో ఎత్తున నిలవవని పెద్దాయనకు తెలుసు. ఒకటి దిగితే మరొకటి ఎక్కుతుందని, ఏ నెలలో ఏ జాముకు ఏది ఎక్కడ ఉంటుందో వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టి చెప్పాడు. మా నలుగురి ఫోన్లలోనూ ఆకాశపటం యాప్ ఉంది, కానీ ఆ అరగంటా మేము వాటిని తాకలేదు.

పన్నెండున్నరకు త్రిశంకు నిటారుగా నిలబడింది. నేను దానిని చూపించగానే అమలాపురం మిత్రుడు మాట ఆపేశాడు. సముద్రతీరంలో పుట్టి, దక్షిణాన అడ్డులేని దిక్చక్రం ఉండి కూడా ఉప్పుగాలి మసకలో దానిని ఒక్కసారీ పూర్తిగా చూడలేదని తరువాత చెప్పాడు. కిందిచుక్క సహా నాలుగూ విడివిడిగా, కదలకుండా కనిపించాయి. అప్పుడు టెలిస్కోప్‌ను దానికి ఎగువన ఎడమవైపుకు తిప్పి, ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపును పట్టుకున్నాను. సుమారు పదిహేడు వేల కాంతి సంవత్సరాల దూరంలో, దాదాపు కోటి నక్షత్రాలు ఒక్కచోట ఒత్తుకుని ఉండే గుంపు అది. ముందుగా పెద్దాయననే చూడమన్నాము. ఆయన తలపాగా సర్దుకుని, ఒక కన్ను అరచేతితో మూసుకుని చాలాసేపు చూశాడు.

“మంద పండుకున్నట్టుంది సామీ” అన్నాడు. “నడుమ ఒత్తుకోనుండాయి, అంచున ఎడమెడంగా ఉండాయి. ఎడంగా ఉండేటివే ఎప్పుడూ తప్పిపోయేది.”

నేను ఆ గుంపు గురించి చాలా చదివాను, పాఠశాల పిల్లలకు చాలాసార్లు వివరించాను. దాని రూపాన్ని ఇంత సరిగా చెప్పిన మాట నాకు అంతకుముందు దొరకలేదు. ఇప్పుడు పిల్లలకు చూపేటప్పుడు ఆ మాటనే వాడుతున్నాను.

ఆ చీకటి ఎంతకాలం మిగులుతుందో అన్నదే నా దిగులు. మా ఊరి కూడలిలో నాలుగేళ్ల కిందట ఒక హైమాస్ట్ దీపస్తంభం నాటారు. రాత్రి తొమ్మిది దాటితే కుక్కలు తప్ప ఎవరూ తిరగని ఆ కూడలిని తెల్లవార్లూ తెల్లటి వెలుగుతో నింపుతున్నారు. ఆ వెలుగులో సగం నేలకు కాక పక్కలకూ పైకీ పోతుంది. అది రాకముందు మా మిద్దె మీద నుంచి కృత్తికలలో, అంటే మా వైపు పిల్లలకోడి అనే గుంపులో, తొమ్మిది చుక్కలు లెక్కపెట్టేవాణ్ణి, ఇప్పుడు అయిదు కనిపిస్తే గొప్ప. దీపాలు తీసివేయాలని నేను కోరడం లేదు. పైకి పోకుండా రేకు మూత, తెలుపుకు బదులు పసుపు వెలుగు, పదకొండు తరువాత సగం దీపాలు ఆర్పడం, ఈ మూడింటితో రోడ్డుకూ మేలే, కరెంటు బిల్లుకూ మేలే. ఈ సంగతి రాసి సంబంధిత కార్యాలయంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. రెండోసారి ఆ ఉద్యోగి నన్ను జాతకాలు చెప్పేవాడిననుకుని తన కుమార్తె పెళ్లి ఎప్పుడవుతుందని అడిగాడు. నక్షత్రాలు చూస్తానంటే మన సమాజంలో ఇంకా మొదట వచ్చే ప్రశ్న అదే కావడం నన్ను నిజంగా బాధిస్తుంది.

రంగాపూర్‌కు జరిగింది కూడా ఇదే. నగరానికి దూరమని ఎంచి కట్టిన వేధశాలను కొన్ని దశాబ్దాలలో నగరపు వెలుగే వెంబడించింది. ఆ సంగతి వచ్చినప్పుడు మా పాలమూరు మిత్రుడు వాదించడం మానేసి మౌనంగా ఉండిపోతాడు, అప్పుడు మేము కూడా అతనిని ఆటపట్టించము.

ఇక మీ ప్రయాణం సంగతి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు, అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రోజుల్లో రండి. హిందూపురం వైపు వెళ్లకండి, అక్కడ దక్షిణపు ఆకాశమంతా బెంగళూరు వెలుగుతో తెల్లబారి ఉంటుంది. కల్యాణదుర్గం పడమటి పొలాలకు ఆగ్నేయంగా, కర్ణాటకలో, పావగడ సౌరఫలకాల మైదానం ఉంది, రాత్రిపూట ఆ ఫలకాల నుంచి వెలుగేమీ రాదు. గాలిమరల మీద మినుకుమినుకుమనే ఎర్రదీపాలు మాత్రం కొన్ని దిక్కులలో కంటికి అడ్డు తగులుతాయి కనుక, వాటికి వీపు పెట్టి కూర్చోగల చేను చూసుకోండి. చేను యజమానిని ముందుగా అడగండి, కారు దీపాలు ఊరి దగ్గరే తగ్గించండి, కళ్లు చీకటికి అలవాటుపడటానికి అరగంట ఇవ్వండి.

మా అమలాపురం మిత్రుడు ఇప్పటికీ కోనసీమను వదులుకోలేదు. “ఆకాశం మీదేనండి, భోజనం మాత్రం మాదే” అని ఒప్పందానికి వచ్చాడు. అయితే ఈ మధ్య అమావాస్య దగ్గరపడిందంటే ఆయనే ముందుగా ఫోను చేస్తున్నాడు. మబ్బు ఉందా, గాలి ఎలా ఉంది అని ఒక్క మాటైనా అడగకుండా, పెద్దాయన ఈసారి మంద ఏ చేనులో కట్టాడో కనుక్కోమంటున్నాడు.