దాళ్వా మానేసి సోయా వేయమంటారా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి దగ్గర పల్లెటూరు. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. సార్వా (వానాకాలం), దాళ్వా (రబీ) రెండూ వరే. దాళ్వాకి ఎకరాకు 34 వేలు ఖర్చయి 40 బస్తాలు పండుతోంది. కౌలు చేలో ఎకరాకు 15 బస్తాలు ఆసామికి కొలవాలి. నిజామాబాద్ జిల్లా బోధన్ వైపు క్యాంపులో (కోస్తా నుంచి వెళ్లినవాళ్లు స్థిరపడ్డ ఊళ్లో) ఉండే మా అన్నయ్య సోయా వేస్తాడు. ఎకరాకు 18 వేలతో అయిపోతుందట, 8 క్వింటాళ్లు వస్తుందట. ఈసారి కౌలు చేలో అదే వేద్దాం, చేపల, రొయ్యల మేత కంపెనీలు పక్కనే ఉన్నాయి, కొనేస్తారు అంటున్నారు మావారు. నా నగలు కుదువ పెట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షా ఇరవై వేలు తెస్తారట. ఇవ్వమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆ వడ్డీకి నగలు ఇవ్వకండి, కౌలు చేలో సోయా వేయనివ్వకండి.

మీ అన్నయ్య మాట అబద్ధమేమీ కాదు. నిజామాబాద్, నిర్మల్, ఆదిలాబాద్ వైపు సోయా తొలకరి పంట. వానల మీద వంద రోజుల్లో చేతికొస్తుంది, వెనకే శనగ వేసుకుంటారు. వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని పడతాయి కాబట్టి యూరియా ఖర్చు తక్కువ. అక్కడి మెట్ట చేలకి అది ఇల్లు నడిపే పంటే. మీది డెల్టా మాగాణి. చుట్టూ దాళ్వా నీళ్లు నిలిచి ఉంటే మీ మూడెకరాల్లోకి ఊట రాకుండా ఎవరాపుతారు? సోయా వేరు నీటి ముంపుని ఓర్చుకోదు.

సరే, నీళ్ల సంగతి పక్కన పెట్టి మీ అంకెలతోనే చూద్దాం. 75 కిలోల బస్తా లెక్కన 40 బస్తాలంటే 30 క్వింటాళ్లు. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు. మొత్తం 71,070. ఖర్చు పోగా 37,070. సోయా మద్దతు ధర 5,328. 8 క్వింటాళ్లకి 42,624, ఖర్చు పోగా 24,624. ఇక కౌలు. ఆసామి వేరే మాట ఇస్తే తప్ప, మీరు ఏ పంట వేసినా ఆయనకి కొలవాల్సింది ధాన్యమే. 15 బస్తాల విలువ 26,651. అది తీసేస్తే వరిలో ఎకరాకు పది వేల పైచిలుకు మిగులుతుంది. సోయాలో రెండు వేలు ఎదురు పెట్టుకోవాలి, అదీ ధాన్యం బయట కొని మరీ.

మేత కంపెనీల సంగతి రైతులు చాలామంది అడుగుతుంటారు. మీ చుట్టుపక్కల చెరువుల మేతలో సోయా ఉండే మాట నిజమే, కానీ వాళ్లు వాడేది నూనె తీసిన చెక్క. గింజలో నూనె అయిదో వంతు లోపే, మిగిలిన చెక్కలోనే మాంసకృత్తులు. పచ్చి గింజని అలాగే మేతలో కలిపితే అరగదు. కాబట్టి మీ ఇరవై నాలుగు క్వింటాళ్లు ముందు నూనె మిల్లుకి చేరాలి. ధాన్యానికున్నట్టు మీ ఊళ్లో దీనికి కొనుగోలు కేంద్రం లేదు, లారీ కిరాయి మీ నెత్తినే. ధర కూడా మన చేతిలో లేనిది. 2021లో క్వింటాలు పది వేలు దాటింది. ఆ ఆగస్టులోనే 12 లక్షల టన్నుల చెక్క దిగుమతికి కేంద్రం అనుమతిచ్చింది.

నాకు అర్థమైనంతవరకు మీవారిని లాగుతున్నది సోయా కాదు, పెట్టుబడి తగ్గుతుందన్న ఆశ. మూడెకరాలకి 48 వేలు తక్కువ పడుతుంది కదా. అయితే తేల్చుకోవాల్సింది డబ్బు ఎక్కడ తెస్తారన్నది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షా ఇరవై వేలకి ఆరు నెలలకే 14,400. మూడు లక్షల లోపు పంట రుణానికి బ్యాంకు వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. అదే సొమ్ముకి ఆరు నెలలకి 2,400.

సొంత రెండెకరాల మీద కిసాన్ క్రెడిట్ కార్డు తీసుకోండి. రెండు లక్షల దాకా తాకట్టు అడగకూడదని 2025 జనవరి నుంచి నిబంధన ఉంది. ఎంత ఇస్తారన్నది మాత్రం ఎకరాకి నిర్ణయించిన రుణ పరిమితిని బట్టే. చాలకపోతే అప్పుడు నగలు బ్యాంకులోనే వ్యవసాయ బంగారు రుణానికి పెట్టండి, వడ్డీ ఎంతో సంతకం పెట్టకముందే అడగండి. కౌలు భూమికి సాగుదారు హక్కు పత్రం (కౌలు రైతుకి ప్రభుత్వం ఇచ్చేది) ఉంటే దాని మీదా రుణం అడగొచ్చు. దానికి ఆసామి సంతకం కావాలి. అక్కడే చాలామంది ఆగిపోతారు. కౌలు మాట్లాడుకునే రోజే ఆ మాటా అడగమనండి, నాట్లయ్యాక ఆయన దొరకరు.

మీవారికి సోయా మీద ఆశ చావకపోతే సొంత చేలో మురుగు దిగే చోట పది సెంట్లు వదలండి. మూడు కిలోల విత్తనం చాలు. సోయా విత్తనానికి మొలక త్వరగా పోతుంది, మీ అన్నయ్య పంపితే వంద గింజలు తడిగుడ్డలో కట్టి చూశాకే చల్లండి.