సంతకం పెట్టే ముందు ఒకసారి ఇంటికి రా

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి నీతో ఫోన్‌లో మాట్లాడినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదురా. జపాన్ క్లబ్బొకటి నిన్ను ఏడాది లోన్ మీద, అంటే అరువుగా, అడిగినా, యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బు నాలుగేళ్ళ ఒప్పందం ఇస్తానంటోందనీ, శుక్రవారంలోగా సంతకం పెట్టాలని ఏజెంటు తొందరపెడుతున్నాడనీ చెప్పావు. మీ అమ్మ సంతోషంతో ఏడ్చేసింది. నాకు మాత్రం ఆనందం లేదా? ఇక్కడ మలేషియాలో, బగాన్ దాతుక్ తోటలో, మీ తాత కొబ్బరి మొద్దులు పాతి గోల్‌పోస్టులు కట్టిన నేల మీద నువ్వు ఆట నేర్చుకున్నావు. అయినా "కొంచెం ఆలోచిద్దాంరా" అన్నాను. నువ్వు చిన్నబుచ్చుకుని ఫోన్ పెట్టేశావు. నాకు మాటల్లో చెప్పడం చేతకాదు, అందుకే రాస్తున్నాను. అమ్మ నీకు పట్టుబట్టి తెలుగు చదవడం నేర్పింది కదా, ఆ చదువు ఇవాళ నాకు అక్కరకొచ్చింది.

నేను అడిగేది ఒక్కటే. అక్కడ నిన్ను ఎన్ని నిమిషాలు ఆడిస్తారు? జీతం, ఊరు, జెర్సీ రంగు ఆ తర్వాతి సంగతి. నీలాగా మైదానం అంచున పరిగెత్తి దాడి చేసే పంతొమ్మిదేళ్ళ వింగర్‌కి మ్యాచ్‌లో ఆడే నిమిషాలే తిండి. ప్రాక్టీసులో ఎంత పరిగెత్తినా, డెబ్బయ్యో నిమిషంలో ఊపిరి అందక, బంతి కాలికి తగిలినప్పుడు తీసుకునే నిర్ణయం ప్రాక్టీసులో రాదు. ఏడాదిపాటు బెంచి మీద కూర్చున్న కుర్రాడు కాళ్ళు పోగొట్టుకోడు, ధైర్యం పోగొట్టుకుంటాడు. ధైర్యం పోయిన వింగర్ బంతిని వెనక్కే ఇస్తాడు. అలాంటివాళ్ళను నేను చాలామందిని చూశాను.

మన చుట్టుపక్కల దేశాల పిల్లల్నే చూడు. వియత్నాం డిఫెండర్ దోవాన్ వాన్ హావ్ 2019లో నెదర్లాండ్స్‌లోని హేరెన్‌వేన్‌కి లోన్ మీద వెళ్ళాడు. మన ప్రాంతంలో అప్పటికి అతనంత మంచి లెఫ్ట్ బ్యాక్ లేడనుకునేవాణ్ణి. డచ్ మొదటి లీగులో ఒక్క మ్యాచ్ ఆడకుండానే తిరిగొచ్చాడు. అదే ఏడు వాళ్ళ దేశంవాడే న్గుయెన్ కాంగ్ ఫువాంగ్ కొరియాలోని ఇంచియాన్ నుంచి బెల్జియంలోని సింట్ ట్రౌడెన్‌కి మారాడు. అక్కడ లీగులో ఒక్కసారి మాత్రమే దిగాడు. మన మలేషియా కుర్రాడు లుక్మాన్ హకీమ్ సంగతి నీకు నాకంటే బాగా తెలుసు, వాడి పోస్టరు నీ గదిలో ఉండేది. 2018లో మన దేశంలోనే జరిగిన ఆసియా అండర్-16 పోటీల్లో ఐదు గోల్స్ కొట్టాడు, బెల్జియం క్లబ్బు కోర్ట్రైక్ ఐదేళ్ళ ఒప్పందం ఇచ్చింది. ఆ ఐదేళ్ళలో అక్కడ వాడికి దొరికిన ఆట చాలా తక్కువ. వాడిలో ప్రతిభ తక్కువైందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎదగాల్సిన వయసులో మైదానం దొరకలేదు, అంతే.

ఇక థాయ్‌లాండ్ ఆటగాడు చనాతిప్ సోంగ్‌క్రాసిన్. ఎత్తు 158 సెంటీమీటర్లు. నీ ఎత్తు గురించి నువ్వు అద్దం ముందు బాధపడినప్పుడల్లా ఈ అంకె గుర్తు తెచ్చుకో. అతను 2017లో జపాన్‌లోని కొన్సదోలె సప్పోరోకి వెళ్ళేసరికి వయసు 23. అప్పటికే థాయ్‌లాండ్ తరఫున 2014, 2016ల్లో ఆగ్నేయాసియా దేశాల ఆసియాన్ కప్పులు గెలిచాడు, రెండుసార్లూ ఉత్తమ ఆటగాడు అతనే. అంటే ఇంటి దగ్గర నేర్చుకోవాల్సింది నేర్చుకునే బయల్దేరాడు. 2018లో 8 గోల్స్ కొట్టాడు, సప్పోరో లీగులో నాలుగో స్థానానికి వచ్చింది, జపాన్ ప్రొఫెషనల్ లీగైన జె-లీగులో ఆ ఏటి ఉత్తమ పదకొండు మందిలో అతని పేరు ఉంది. అతని తోటి థాయ్ ఆటగాడు తీరాతోన్ బున్మాతన్ 2019లో యోకొహామా ఎఫ్. మరినోస్‌తో జె-లీగు టైటిలే గెలిచాడు. సప్పోరోలో మోకాలి లోతు మంచు పడుతుంది. ఆ చలిని తట్టుకోగలిగింది ప్రతి వారం ఆట ఉండబట్టే అని నా నమ్మకం.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే, నేను కుర్రాడిగా ఉన్న రోజుల్లో, 1983లో, సింగపూర్ ఫాండీ అహ్మద్ డచ్ క్లబ్బు గ్రోనింగెన్ తరఫున ఇంటర్ మిలాన్ మీద గోల్ కొట్టాడు. ఆ వార్త మా తోటలో పండగైపోయింది. అందరూ ఆ గోల్‌నే చెప్పుకుంటారు. కానీ గ్రోనింగెన్‌కి ముందు అతను ఇండోనేషియాలోని సురబయాలో నియాక్ మిత్రకి ఆడాడు. పక్క దేశంలో పరాయివాడిగా ఆడటం ఎలా ఉంటుందో అక్కడే చవిచూశాడు.

అందుకే ఆ జపాన్ రెండో డివిజన్ క్లబ్బు అడిగిన ఏడాది లోన్ గురించి మళ్ళీ ఆలోచించమంటున్నాను. జీతం తక్కువే. కానీ మలేషియా ఆటగాళ్ళను జె-లీగు విదేశీ కోటాలో లెక్కపెట్టదు. అంటే నిన్ను దింపాలంటే కోచ్ ఏ బ్రెజిల్ వాణ్ణో పక్కన పెట్టనక్కర్లేదు. యూరప్‌లో నీకు ఆ వీలు లేదు. ఇంకో మాట, ఏజెంటుని సూటిగా అడుగు. నన్ను కోరింది కోచా, మార్కెటింగ్ ఆఫీసా? మన దేశంలో లక్షలమంది ఫోన్లలో ఫుట్‌బాల్ చూస్తారు. నీ ఫొటో పెడితే క్లబ్బు పేజీకి జనం వస్తారు. కోచ్ నీ మ్యాచ్‌లు చూశాడో లేదో, నిన్ను కుడి వైపు ఆడిస్తాడో ఎడమ వైపు ఆడిస్తాడో అతని నోటితోనే విను. పది నిమిషాలు వీడియో కాల్ అడిగితే తప్పేమీ లేదు. అదీ కుదరదంటే వెళ్ళకు.

ఇప్పుడు డబ్బు మాట. నేను ఆడే రోజుల్లో ఒక జట్టు నాకు నాలుగు నెలల జీతం ఎగ్గొట్టింది. మేనేజరు మంచి మనిషి, వాళ్ళ అమ్మాయి పెళ్ళికి మమ్మల్నందర్నీ పిలిచాడు. "వచ్చే వారం" అన్నప్పుడల్లా నమ్మాను. కాగితం మీద ఒక్క ముక్క అడగలేదు. రెండేళ్ళ తర్వాత ఇల్లు కొనుక్కోవడానికి ఈపీఎఫ్ పొదుపు డబ్బు తీసుకుందామని వెళ్తే, నా జీతంలోంచి కోసిన వాటా అసలు జమే కాలేదని తెలిసింది. ఇప్పుడు నీకు నా కంటే మంచి రక్షణ ఉంది. ఫిఫా నియమాల ప్రకారం రెండు నెలల జీతం బాకీ పడితే రాతపూర్వకంగా నోటీసిచ్చి, కనీసం పదిహేను రోజులు గడువిచ్చి, అప్పటికీ కట్టకపోతే ఒప్పందం తెంచుకోవచ్చు. ఆ నోటీసు రాయడానికి మొహమాటపడకు. మన ఆటగాళ్ళ సంఘంలో, పీఎఫ్ఏఎంలో, ముందే చేరు. ఈపీఎఫ్ ఖాతా ప్రతి నెలా ఫోన్‌లో చూసుకో. ఏజెంటుకి ఫిఫా లైసెన్సు ఉందో లేదో కనుక్కో, అతనితో రెండేళ్ళకు మించి రాసుకోవడానికి నియమం ఒప్పుకోదు. ఒప్పందంలో "క్లబ్బు ఇష్టమైతే మరో ఏడాది పొడిగించవచ్చు" అనే వాక్యం ఎక్కడైనా దాక్కుని ఉంటుంది, వెతుకు. మోకాలు పోతే ఆపరేషన్ ఖర్చు ఎవరిదో రాసి ఉండాలి.

జీతం గురించి ఇంత చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1994లో మన లీగులో మ్యాచ్ ఫిక్సింగ్ బయటపడినప్పుడు వందమందికి పైగా ఆటగాళ్ళను ప్రశ్నించారు. అందులో నాతో ఒకే గదిలో పడుకునేవాడు ఒకడున్నాడు. నాకంటే గొప్ప ఆటగాడు. మొదటిసారి వాడికి ఎవరో ఇచ్చింది ఇంటద్దెకి సరిపోయే డబ్బు. మా జీతాలు ఆగిపోయిన నెలలోనే ఇచ్చారు. గోల్స్ వదిలెయ్యమని అప్పుడు ఎవరూ అడగలేదు. అడిగింది రెండోసారి. వాడు నాకు చెప్పుకుని ఉంటే నా దగ్గరున్నదేదో ఇచ్చేవాణ్ణి. నేనూ అడగలేదు. ఆ తర్వాత వాడు పామాయిల్ తోటలో లారీ తోలుతుంటే ఒకసారి కనబడ్డాడు, ఇద్దరం తలొంచుకుని వెళ్ళిపోయాం. నీకు ఏ నెలైనా అద్దెకి కటకటైతే ఆ రోజే నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే.

మిగతావి నీకు తెలిసినవే. అర్ధరాత్రి మమక్ టీ కొట్టులో తే తారిక్ టీ తాగుతూ యూరప్ మ్యాచ్‌లు చూడటం మానెయ్యి, నిద్ర పాడవుతుంది. వెళ్ళే దేశం భాష కనీసం మైదానంలో అరిచే మాటలైనా ఇప్పుడే నేర్చుకో. "వదిలెయ్", "వెనకాల మనిషి", "నాది" అన్న మాటలు అర్థం కాని కుర్రాణ్ణి ఏ కోచ్ దింపడు.

శుక్రవారం అనేది ఏజెంటు పెట్టిన గడువు, క్లబ్బు పెట్టింది కాదని నా అనుమానం. సోమవారం దాకా ఆగమని చెప్పు. శనివారం బస్సెక్కి తెలుక్ ఇంతాన్ రా. రెండు ఒప్పందాల కాగితాలూ, ప్రతి పేజీ, తీసుకురా. మన సంఘంలో లాయరు అన్నయ్య ఆదివారం పొద్దున ఇంటికి వస్తానన్నాడు. అత్తయ్య నీకోసం చేపల పులుసు పెడతానంటోంది. ముగ్గురం కూర్చుని చదువుదాం. అంతా చదివాక కూడా నీకు యూరపే అనిపిస్తే, ఎయిర్‌పోర్టుకి నిన్ను నేనే తీసుకెళ్తాను.

మీ మావయ్య