కొడుకు మళ్ల మగ్గం ఎక్కుతనంటుండు!

ప్రశ్న: నమస్తే చెల్లె. మాది గట్టుప్పల్. నలభై ఏండ్ల సంది గుంట మగ్గం మీదనే బతుకుతున్న, నడుము పోయింది, కండ్లు మసకలు. నా గతి పట్టొద్దని అప్పుజేసి కొడుకును బీటెక్ చదివించిన, గచ్చిబౌలిల నౌకరి గూడ చేసిండు నాలుగేండ్లు. మొన్న దసరాకొచ్చి, రాజీనామా ఇచ్చిన నాయినా, మన చీరలు మనమే ఫోన్ల అమ్ముకుందాం అంటుండు. పిల్లనిస్తమన్నోళ్లు వెనక్కి పోయిండ్రు. వీనికి కష్టం తెల్వక గిట్ల చేస్తుండా?

జవాబు: అన్నా, మీ భయం ఉత్తదేం కాదు. షావుకారు నూలిచ్చి, చీర తీస్కపోయి, మజూరి చేతుల పెడితే అదే బతుకని మీరు నలభై ఏండ్లు చూసిండ్రు. ఆ చీర షోరూంల ఎంతకు పోతదో మీకెవ్వరు చెప్పలే, మీ వానికి ఫోన్ల ఆ ధర కనబడ్తుంది, అందుకే వేరే లెక్క ఏస్తుండు. కష్టం తెల్వదంటే మాత్రం నేనొప్ప, బడి నుంచి రాంగనే కండెలు చుట్టిన పిలగాడే గద.

మన పాత నల్లగొండ జిల్లానే, శారాజీపేట చింతకింది మల్లేశం సంగతి మీకు ఎర్కనే. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేసే ముందు నూలును మేకుల చుట్టు తిప్పాలంటే, వాళ్లమ్మ చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలె. అమ్మ భుజాల నొప్పులు చూడలేక 1992ల ఆసు పోసే మిషను చేసుడు మొదలుపెట్టిండు, 1999 దాంక అది పూర్తిగాలే, పైసల్లేక హైదరాబాద్ పోయి చిన్న పనులు చేసిండు. 2017ల పద్మశ్రీ వచ్చినంక అందరు మావోడే అన్నరు, అది వేరే ముచ్చట. మీ వాడు గూడ అట్ల అయితడని నేను జెప్తలేను, గాని నాయిన నడుము పోతుంటే చూసిన పిల్లలకు గీ పని ఇంకోతీరు చెయ్యరాదా అనిపిస్తది, దాన్ని తలతిక్క అనుకోకుండ్రి.

వాన్ని గూడ గట్టిగ అడగాలె. నూలుకు, రంగులకు పెట్టుబడి ఏడిది? చిటికి కట్టి (డిజైన్ కోసం నూలును అక్కడక్కడ ముడేసి), అద్దకం చేసి, నేసి వార్పు (మగ్గానికి ఎక్కించిన పడుగు) దిగేసరికి నెల దాటుతది, అందాక ఇల్లు ఎట్ల నడుస్తది? అదే డిజైన్ ప్రింటు చీర సగం ధర కంటె తక్కువకే దొరుకుతుంటే కొనెటోళ్లకు తేడా ఎట్ల చెప్తడు? మగ్గం మీద నేసిందని చెప్పే చేనేత మార్కుకు, పోచంపల్లి నేతకున్న జీఐ (ఫలానా జాగ సరుకని ఇచ్చే గుర్తింపు) వాడుకునేటందుకు దరఖాస్తు పెట్టిండా? ఇవన్ని కాగితం మీద రాసియ్యమనుండ్రి. అదే కాగితం మీద బీటెక్ అప్పు ఇంకెంతుందో మీరు గూడ రాయుండ్రి, మన ఇండ్లల్ల నాయినలు అప్పు దాస్తరు, పిల్లలు అది లేదనుకొనే నౌకర్లు ఇడుస్తరు.

మొదటి వార్పు మొత్తం వాన్నే నేయనియ్యుండ్రి. మీరు ముందుగాల్ల ఆ నడుము డాక్టరుకు చూపిచ్చుకోండ్రి, చీరలు అమ్ముడుపోయినంక చూద్దాంలే అని ఆగకుండ్రి.