బూజు పట్టిన పాత ఫ్లాపీల్లోంచి ఫైళ్లు తీయగలమా?

మీ నాన్నగారి ఫ్లాపీలు అటక మీద దొరికాయని, బూజు పట్టాయని రాశారు. చాలావరకు వస్తాయి. కానీ దయచేసి వాటిని ముందే డ్రైవులో పెట్టకండి. బూజుతో పోయిన ఫ్లాపీల కంటే ఆత్రంగా డ్రైవులో తోసి పాడుచేసినవే ఎక్కువ.

90ల మొదట్లో కాకినాడలో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. సముద్రపు గాలికి ఫ్లాపీలకు బూజు పట్టడం అక్కడ మామూలే. ఒక లెక్చరర్ గారు తన థీసిస్ ఉన్న ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ తెచ్చారు. అప్పటికే ఇంకో షాపువాళ్లు డ్రైవులో పెట్టి, 'డేటా ఎర్రర్ రీడింగ్ డ్రైవ్ ఏ' అని వచ్చినప్పుడల్లా రీట్రై కొడుతూ పోయారట. డాస్ (అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్) ముందుగా చదివేది మొదటి ట్రాకునే, అంటే బిళ్ల అంచున ఉండే మొదటి వలయాన్నే. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక, దాని రెండో కాపీ, రెండూ అక్కడే ఉంటాయి. డ్రైవులో బిళ్లను తాకుతూ చదివే హెడ్డుకు బూజు అంటి, అది సరిగ్గా అక్కడే గీరేసింది. కవరు సందులోంచి చూస్తే తెల్ల మచ్చలు, అంచున సన్నటి గీత.

బ్లేడుతో కవరు ఒకవైపు కోసి, బిళ్లను అంచు పట్టుకుని బయటికి తీశాను. చుక్క సబ్బు వేసిన నీళ్లలో వేలికొసతో మెల్లగా తుడిచి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీడన ఆరబెట్టి, కొత్త ఫ్లాపీ కవరులోకి ఎక్కించాను. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక మిగతా ట్రాకులన్నీ చదివింది!

పట్టిక పోయింది కాబట్టి డిస్కులో ఉన్నది ఉన్నట్టు చూపించే నార్టన్ డిస్క్ ఎడిటర్‌లో 512 బైట్ల సెక్టార్లను (ట్రాకులోని ముక్కలను) ఒక్కొక్కటే కంటితో చదువుతూ, తెగిన వాక్యానికి తరువాయి ఎక్కడుందో వెతికి అతికించాలి. పైగా అది వర్డ్‌స్టార్ అనే పాత టైపింగ్ ప్రోగ్రాం ఫైలు. మాట చివరి అక్షరంలో ఎనిమిదో బిట్టును అది మార్చేస్తుంది, అందుకే మాట చివర ఇంగ్లీషు 'e' ఉండాల్సిన చోటల్లా గ్రీకు సిగ్మా కనిపిస్తుంది. ఆ బిట్టు తీసేస్తే మామూలు ఇంగ్లీషే. ఒకటి రెండు పేజీలు తప్ప థీసిస్ అంతా దొరికింది. ఆయన ప్రింటు కాగితాలు కళ్లకద్దుకున్నారు.

మీరూ అలాగే కడిగించండి. మూడున్నర అంగుళాలవైతే యూఎస్‌బీ డ్రైవు చాలు. పెద్దవైతే పాత డ్రైవు, దాన్ని ఇప్పటి కంప్యూటరుకు కలిపే గ్రీజ్‌వీజిల్ బోర్డు కావాలి. మొత్తం ఇమేజ్ (ఫ్లాపీలో ఉన్నదంతా ఉన్నట్టుగా ఒకే ఫైలులోకి తీసిన నకలు) తీశాకే, ఆ కాపీ మీదే రిపేరు. అసలు ఫ్లాపీ మీద, డిస్కు తప్పులు సరిచేసే 'చెక్‌డిస్క్ /ఎఫ్' (CHKDSK /F) కమాండు ఎవరు కొట్టబోయినా చెయ్యి పట్టుకుని ఆపండి, అది పట్టికనే తిరగరాస్తుంది.

ఇంకో మాట, ఇది నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ. నాన్నగారు తెలుగులో టైపు చేసి ఉంటే ఫైలు దొరికినా గజిబిజి అక్షరాలే కనిపిస్తాయి. అన్ని భాషల అక్షరాలకు ఉమ్మడి కోడైన యూనికోడ్ రాకముందు ఒక్కో కంపెనీ తెలుగు ఫాంటుకు ఒక్కో కోడు. డిస్కు బాగున్నా చదవలేని తెలుగు ఎంత మూలన పడి ఉందో! అందుకే ఆ పెట్టెలో ఫాంటుల ఫ్లాపీ ఏదైనా ఉంటే ముందు దాన్ని కడగండి.